తెలివి తగ్గలేదు, ప్రశ్నకు జాగ లేకుండ చేసిండ్రు

(ఫూలే, అంబేద్కర్ జయంతుల సందర్భంగా గోదావరిఖనిలో కార్మిక కుటుంబాలతో జరిగిన సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం "ప్రశ్నించే బుద్ధి ఎందుకు తగ్గిపోతున్నది?" అని. పిల్లల్లో తగ్గిందని కొందరు, కార్మికుల్లో తగ్గిందని కొందరు, మన ఉద్యమాల్లోనే తగ్గిందని ఇంకొందరు అంటున్నరు. ఇరవై ఏండ్లుగా ఈ మాట నేను స్టాఫ్‌రూముల్లో కూడా వింటున్న. అయితే అక్కడ ఈ మాటకొక తోక ఉంటది. "ఏం చేస్తం సార్, వీళ్ళకు ఇంట్ల లేదు, రక్తంల లేదు, ఎంత చెప్పినా ఎక్కది" అనేదే ఆ తోక. మాట కంటె తోక ప్రమాదం. అందుకే ముందు తోక సంగతి తేల్చి, తర్వాత మాట దగ్గరికి వద్దాం.

ప్రశ్నించే బుద్ధి అంటే ఏందో బొగ్గు బాయిల పనిచేసినోళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. సర్దార్ పని జాగలకు పోంగనే ఏం చేస్తడు? చేతిల ఉన్న కట్టెతోని పైకప్పును తట్టి చూస్తడు. కంటికి గట్టిగనే కనబడ్తది, నిన్నటి షిఫ్టోళ్ళు బాగనే ఉన్నదని చెప్పిపోయిండ్రు, అయినా తడ్తడు. బోలు చప్పుడు వస్తే మనుషులను వెనుకకు పిలుస్తడు. ఎవరు చెప్పిండ్రని కాదు, తట్టి చూసినంకనే నమ్ముడు - విమర్శనాత్మక ఆలోచన అని పుస్తకాల్లో రాసేది దీన్నే. ఈ విద్య మన తండ్రులకు చదువు రాకముందే వచ్చు.

రక్తంల లేదనేటోళ్ళకు జవాబు

మనువు చెప్పినా, స్టాఫ్‌రూముల సారు చెప్పినా సారం ఒక్కటే: బుద్ధి పుట్టుకతో వస్తది, పుట్టుక కులంతో వస్తది. దీన్ని తిప్పికొట్టడానికి మన దగ్గర ఇప్పుడు కోపం ఒక్కటే కాదు, లెక్కలు కూడా ఉన్నయి.

న్యూజిలాండ్‌లో పనిచేసిన జేమ్స్ ఫ్లిన్ అనే ఆచార్యుడు 1980లలో అనేక దేశాల తెలివి పరీక్షల మార్కులు ముందరేసుకుని చూసిండు. తరం మారినకొద్దీ, పదేండ్లకు దాదాపు 3 పాయింట్ల చొప్పున మార్కులు పెరుగుతూ వచ్చినయి. ఒక్క తరంలో మనుషుల రక్తం మారదు గదా! మారింది బడి, తిండి, పని, ఇల్లు. ఆ తర్వాత కొన్ని దేశాల్లో ఈ మార్కులు దిగుడు మొదలైంది. నార్వేలో సైన్యం పిలుపు మీద వచ్చే యువకులకు పెట్టే పరీక్షల లెక్కలను ఇద్దరు పరిశోధకులు 2018లో ప్రకటించిండ్రు. 1975 ప్రాంతం దాకా పుట్టినోళ్ళల్ల మార్కులు పెరిగినయి, ఆ తర్వాత పుట్టినోళ్ళల్ల తగ్గినయి. అప్పుడు వాళ్ళు ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములను పక్కపక్కన పెట్టి చూసిండ్రు. ఒక్క ఇంట్లోపల కూడా అదే పెరుగుడు, అదే తరుగుడు కనబడ్డది. అన్నకూ తమ్మునికీ అమ్మానాయనలు ఒక్కరే. కనుక కారణం రక్తంల లేదు, చుట్టూ ఉన్న బతుకులో ఉన్నది.

ఇది తెల్లోళ్ళ దేశం ముచ్చట. మన దేశం ముచ్చట ఇంకా సూటిగ ఉన్నది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకు కాగితం మీద చిక్కుదారుల ఆట ఇచ్చిండ్రు. ఎన్ని చిక్కులు విప్పితే అన్ని పైసలు. 2004లో ఆ ఫలితాలు బయటికొచ్చినయి. కులం ఊసెత్తనప్పుడు పై కులాల పిల్లలూ, కింది కులాల పిల్లలూ ఇంచుమించు సమానంగానే విప్పిండ్రు. అదే ఆటకు ముందు అందరూ వినంగ పిల్లవాని పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం చదివిండ్రు. అప్పుడు కింది కులాల పిల్లలు విప్పినవి దాదాపు ఐదింట ఒక వంతు తగ్గిపోయినయి. పిల్లలల్ల తేడా లేదు, ఆటల తేడా లేదు. నడుమ వచ్చి కూసున్నది కులం పేరు ఒక్కటే.

ఇప్పుడు మన బళ్ళను గుర్తు చేసుకోండ్రి. స్కాలర్‌షిప్ ఫారాలొచ్చిన రోజు "ఎస్సీలంతా లేచి నిలబడుండ్రి" అంటరు. నిలబడ్డ బిడ్డ ఆ గంటంతా లెక్కలు వింటదా, వెనుక బెంచీల గుసగుసలు వింటదా? నేను పదో తరగతిల ఉన్నప్పుడు ఒక సారు నా లెక్కల పేపరు తిరిగిస్తూ, "ఎవని దాంట్ల చూసి రాసినవ్‌రా?" అన్నడు. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు నేను చెయ్యి లేపలేదు. చెయ్యి లేపని పిల్లగాణ్ణి చూసి పెద్దలు "వీనికి డౌట్లే రావు, మొద్దు" అని తీర్పు చెప్తరు. డౌటు రాక కాదు, అడిగితే ఏమైతదో తెలిసి అడగడు.

మన పురాణాలు కూడా ఇదే నేర్పినయి. తపస్సు చేసినందుకు శంబూకుని తల పోయింది, నేర్చుకున్నందుకు ఏకలవ్యుని వేలు పోయింది. అందుకే "తగ్గిపోతున్నది" అనే మాట మన విషయంలో సగమే నిజం. మనకు ప్రశ్న నిషేధం ఉండె. 1848లో పుణెలో ఫూలే దంపతులు బడి తెరిచి, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లలకు బడులు నడిపి, 1927లో మహాడ్‌లో అంబేద్కర్ మనుస్మృతిని మంటల్ల వేసి ఆ నిషేధాన్ని పగలగొట్టిండ్రు. అట్ల సంపాదించుకున్నది మళ్ళీ చేజారుతున్నది గనుక మాట్లాడుకుంటున్నం.

దుమ్ము, చప్పుడు, రక్తం లేని ఒళ్ళు

ఇంక మన గడ్డ దిక్కు చూద్దాం. ఒక పక్క ఓపెన్‌కాస్టులు, వాటి మట్టి గుట్టలు. ఇంకో పక్క 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, దానికి తోడు మొన్న మొన్న వచ్చిన 1,600 మెగావాట్ల తెలంగాణ ప్లాంటు. కుందనపల్లి బూడిద చెరువు. 1999లో మూతబడి 2021లో మళ్ళీ తెరుచుకున్న ఎరువుల ఫ్యాక్టరీ. 1983ల ఎన్టీపీసీ మొదటి యూనిట్ నడిచిన కాన్నుంచి ఇక్కడి కరెంటు రాష్ట్రాలు దాటి పోతున్నది. బూడిద మాత్రం ఇక్కడనే ఉంటున్నది. పొద్దున ఊడ్చిన వాకిలి మీద మాపటికి వేలితోని పేరు రాయొచ్చు. ఆ దుమ్ము వాకిట్లనే ఆగదు, ఊపిరిల కూడా పోతది.

దుమ్ముతోని దగ్గు వస్తదని అందరికీ తెలుసు. మెదడుకూ దెబ్బేనని తెలిసినోళ్ళు తక్కువ. ఇందులో అన్నిటికంటె దుర్మార్గమైంది సీసం. పిల్లల రక్తంల సీసం ఇంత ఉంటే ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తది, చదువు మీద మనసు నిలువనియ్యది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంల ఉండకూడనంత సీసం ఉన్నదని యూనిసెఫ్ 2020లో ప్రకటించింది. పాత బ్యాటరీలు పగలగొట్టి కరిగించే జాగలు, కల్తీ పసుపు, పాత రంగులు - దారులు చానా ఉన్నయి. బొగ్గు బూడిదలో కూడా సీసం, పాదరసం, ఆర్సెనిక్ కొద్ది కొద్దిగ ఉంటయి. బ్యాటరీలు కరిగించేది ఎవరి వాడకట్టుల? బూడిద చెరువు పక్కన ఎవరి ఇండ్లు? వెలివాడ ఊరి బయట ఉండాలని అప్పుడు మనువు చెప్పిండు. ఇప్పుడు ఫ్యాక్టరీ గోడలు చెప్తున్నయి. అయితే ఒక్క మాట: సీసం కలిపిన పెట్రోలును మన దేశంలో 2000లో ఆపేసిండ్రు. ఆపాలనుకుంటే ఆగుతదని దీంతో తేలింది.

చప్పుడు సంగతి. 1975లో న్యూయార్క్‌లో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే ఆమె ఒక బడిని పరిశీలించింది. ఆ బడి పక్క నుంచే ఎత్తు వంతెన మీద రైళ్ళు పోతుంటయి. రైలు దిక్కు గదుల్ల చదివే పిల్లలు, అదే బడిల అవతలి దిక్కు పిల్లల కంటె చదువుడుల వెనుకబడ్డరు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ తేడా దాదాపు ఏడాది చదువంత అయింది. ఆమె ఊరుకోలేదు. పట్టాల కింద రబ్బరు వేయించిండ్రు, గదుల్ల చప్పుడు పీల్చే పలకలు పెట్టించిండ్రు. తర్వాత చూస్తే రెండు దిక్కుల పిల్లలూ సమానమైండ్రు. మరి ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ పెడితే కిటికీ రెక్కలు కొట్టుకునే గదిల కూసున్న మన పిల్లగాడు వెనుకబడితే, పల్లెత్తు మాట బ్లాస్టింగును అనరు, పిల్లగాణ్ణి అంటరు.

తిండి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేండ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. ఆడవాళ్ళల్ల సగం కంటె ఎక్కువ మందికి. రక్తంల ఇనుము తక్కువైతే పట్టుదలగ ఆలోచించే శక్తి కూడా పడిపోతది. "రక్తంల లేదు" అనే సారుకు ఇది చెప్పాలె - అవును సారూ, రక్తంల లేదు, ఇనుము లేదు.

అప్పు సంగతి. తమిళనాడులో చెరుకు రైతులను పరిశోధకులు పంట అమ్మకముందు ఒకసారి, అమ్మినంక ఒకసారి పరీక్షించిండ్రు. 2013లో ఆ ఫలితాలు వచ్చినయి. అదే రైతు పైసలు లేనప్పుడు తక్కువ మార్కులు, పైసలొచ్చినంక ఎక్కువ మార్కులు తెచ్చుకున్నడు. చేతిల పైస లేనప్పుడు మెదడు సగం వడ్డీ లెక్కల్లనే ఉంటది. మిగిలిన సగంతోని మనం సమాజాన్ని ప్రశ్నించాలె!

బడిల బిట్ పేపర్, బాయి మీద కాంట్రాక్టు

ఇవన్నీ బాగుపడ్డా, అడిగేటోణ్ణి మెచ్చుకునే జాగ లేకపోతే ప్రశ్న బతకది. అటువంటి జాగలు మనకు రెండుండె - బడి, బాయి.

బడిల ఇప్పుడు పాఠం పోయి బిట్ పేపర్ వచ్చింది. "ఎందుకు" అనే ప్రశ్నకు ఒక్క మార్కు కూడా రాదు. కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీ మీద ర్యాంకు పక్కన ఫొటో ఉంటది, ఆ పిల్ల ఎప్పుడన్న ఒక కథ చదివిందా, ఒక సభల మాట్లాడిందా అని ఉండది. 2019 ఏప్రిల్‌ల ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినంక తెలంగాణలో ఇరవై మందికి పైగ పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. మెమోలో ఉన్నది తప్పు కావచ్చునని అనుమానించే ధైర్యం కూడా మనం వాళ్ళకు ఇవ్వలేదు. మెమో అబద్ధమాడదని నేర్పినం, ప్రాణం కంటె అదే పెద్దదని నేర్పినం. అటు ఢిల్లీల 2023 నాటికి పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి డార్విన్ పరిణామ పాఠాన్నే తీసేసిండ్రు. మనుషులు బ్రహ్మ ముఖంలోంచి, పాదాల్లోంచి పుట్టలేదని పిల్లలకు చెప్పే పాఠమది. అది ఎవరికి అడ్డమైందో మీరే ఆలోచించండ్రి. శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం పౌరుని విధి అని 1976 సవరణతోని రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం చెప్తున్నది. విధి మనకు, కత్తెర వాళ్ళకు.

బాయి సంగతి. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తరంల మాల మాదిగలు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళల్ల చానా మంది వేలిముద్రగాళ్ళు. అయినా షిఫ్టు దిగి చాయ్ హోటల్ల ఒకడు పేపర్ చదువుతుంటే పదిమంది వినేటోళ్ళు, వాదించుకునేటోళ్ళు. 1981లో, ఒక్క రోజు సమ్మె చేస్తే 8 రోజుల జీతం కోస్తమన్న నిబంధన మీద 56 రోజులు సమ్మె కట్టింది ఆ తరమే. ఒక్కటికి ఎనిమిది ఎట్లయితదని అడిగిండ్రు. లెక్కల పుస్తకం చదవనోళ్ళు వేసిన లెక్క అది.

ఆ జాగ ఏమైంది? 1990ల మొదట్ల సింగరేణిల లక్ష దాటి పర్మినెంట్ కార్మికులుండె. ఇప్పుడు దాదాపు 40 వేలు. పని ఓపెన్‌కాస్టుకు, కాంట్రాక్టుకు మళ్ళింది. పర్మినెంట్ కార్మికుడు అడిగితే చార్జిషీటు వస్తది, యూనియన్ మాట్లాడ్తది. కాంట్రాక్టు తమ్ముడు అడిగితే రేపు గేటు దగ్గర పేరుండది. మరి అతనికి ప్రశ్నించే బుద్ధి తగ్గిందందామా? 2003 జూన్ 16న ఇక్కడనే 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్ళు దూకి 17 మంది చనిపోయిండ్రు. బాయి పనిల "ఇక్కడ బాగలేదు, దిగం" అనే మాటకు ప్రాణమంత విలువ. ఆ మాట అనలేని మనుషులతోని పని నడిపితే నష్టం తెలివిల కాదు, శవాలల్ల లెక్కకొస్తది.

ఖాళీ అయిన జాగలకు మందు దుకాణం వచ్చింది, తర్వాత సెల్‌ఫోన్ వచ్చింది. సెల్‌ఫోన్‌ను నేను తిట్టను. మన పిల్లలకు అంబేద్కర్ రచనలు దొరికేది దాంట్లనే. కాని 2018 మేల పిల్లలనెత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నయని వాట్సాప్‌ల పుకారు లేస్తే, ఇదే తెలంగాణలో అమాయకులను కొట్టి చంపిండ్రు. ఒక్కడన్న "ఈ వీడియో ఏ ఊరిది?" అని అడిగి ఉంటే? కట్టెతోని తట్టి చూసే అలవాటు బాయిలనే ఉండిపోయింది, చేతిల ఫోన్ దగ్గరికి రాలేదు.

ఎక్కడ జాగ దొరికితే అక్కడ మొలుస్తది

నిరాశపడేందుకు ఇదంత చెప్పలేదు. 1990ల మొదట్ల నెల్లూరు జిల్లాలో అక్షరదీపం రాత్రి బడులు పెట్టిండ్రు. వాచకంల సీతమ్మ అనే ఆడమనిషి కథ ఉండె, తాగుడుతోని ఆగమైన సంసారం. ఆ పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్ళు "ఇది మన కథే గదా, మరి మన ఊళ్ళె సారా దుకాణం ఎందుకున్నది?" అని అడిగిండ్రు. 1992ల లేచిన ఆ ప్రశ్న రాష్ట్రమంత అంటుకుని 1993 అక్టోబర్ 1న సారా నిషేధం తెచ్చింది. వాళ్ళ మెదళ్ళు ఆ ఏడాదే పెరిగినయా? లేదు. పదిమంది కూసునే జాగ, తమ బతుకు ఉన్న పాఠం, అడిగితే కొట్టని వాతావరణం - ఈ మూడు ఒక్కతాన దొరికినయి. మనం చేయాల్సింది కూడా ఈ మూడింటిని ఒక్కతాన చేర్చుడే.

ఒకటి, బళ్ళల్ల కులం పేరు పెట్టి నిలబెట్టుడు బంద్ కావాలె. స్కాలర్‌షిప్ మన హక్కు. దాని జాబితా ఆఫీసుల తయారు చేసుకోవచ్చు, క్లాసుల చదవాల్సిన పని లేదు. తల్లిదండ్రులు పోయి హెడ్మాస్టర్‌ను అడగండ్రి. నా బడైనా సరే, వచ్చి అడగండ్రి.

రెండు, గనుల చట్టానికి 2015ల చేసిన సవరణతోని ప్రతి గనుల జిల్లాల జిల్లా ఖనిజ నిధి ఏర్పడ్డది. గనులతోని దెబ్బతిన్న జనం నీళ్ళకు, ఆరోగ్యానికి, చదువుకు, పర్యావరణానికి ముందు ఖర్చు పెట్టాల్సిన పైసలవి. మన పెద్దపల్లి జిల్లాల ఎన్ని పైసలొచ్చినయి, ఎక్కడ ఖర్చయినయి అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. బూడిద, దుమ్ము పక్కనున్న వాడల పిల్లలకు రక్తంల ఇనుము, సీసం పరీక్షలు చేయించమని, బడి గంటల్ల బ్లాస్టింగ్ పెట్టొద్దని, బడి గోడల వెంబడి చెట్లు పెంచమని అడుగుదాం.

మూడు, ప్రతి ఆదివారం రెండు గంటలు. యూనియన్ ఆఫీసైనా సరే, కమ్యూనిటీ హాలైనా సరే, చెట్టు కిందైనా సరే. ఒకే వార్తను రెండు పేపర్లల్ల చదివి మూడు ప్రశ్నలు: ఎవరు చెప్తున్నరు? దేని మీద ఆధారపడి చెప్తున్నరు? దీంతోని ఎవరికి లాభం? ఆడపిల్లలు ముందు మాట్లాడాలె, పెద్దలు చివర మాట్లాడాలె. రాత్రి డ్యూటీ చేసిన నాయన పగలు పండుకుంటడని మన క్వార్టర్లల్ల పిల్లలకు మొదటి పాఠమే "గప్పున కూసో". నాయన నిద్ర కూడా ముఖ్యమే, కాదనను. కాని ఆ పిల్లకు గొంతు విప్పే జాగ ఇంకెక్కడన్న ఉండాలె గదా!

చివరి మాట మనకే. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ అంబేద్కర్, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని హెచ్చరించిండు. ఆ హెచ్చరిక ఆయన విగ్రహానికి దండలు వేసే మనకు కూడా వర్తిస్తది. నీలి జెండా పట్టిన నాయకుడు అమ్ముడుపోతే అడగాలె. దళితుల్లో దళితులకు, ఆడవాళ్ళకు మన సంఘాల్లో కుర్చీ ఎందుకు లేదంటే జవాబు చెప్పాలె. ఇప్పుడు నేను చెప్పిన మాటలను కూడా తట్టి చూడండ్రి. ఎక్కడన్న బోలు చప్పుడు వస్తే ఇప్పుడే లేచి అడగండ్రి, ముందు వరుస పిల్లలు మొదలు పెట్టండ్రి. నేను ఇక్కడనే ఉన్న.

జై భీమ్!